అద్దరి

ఎనుమాముల మార్కెట్ల కాంటా రాస్త నేను.
ఇరవై ఆరేండ్లు.
మిర్చి ఘాటుకు తుమ్ముడు మానేసిన ముక్కు నాది.
రైతు ఊరి పేరు చెప్తడు, తక్‌పట్టీ మీద రాస్త.
వెనక లారీ హారన్ కొడితే
ఒక దీర్ఘం ఎగిరిపోతది, ఒక ఒత్తు రాలిపోతది.
ఎన్ని ఊళ్లను అట్ల కుంటివాటిని చేసిననో
ఎన్నడూ లెక్క పెట్టలే.

నాయన పోయిన పదకొండొద్దులకు
ఇనుప పెట్టె అడుగున గుడ్డ నడికట్టు దొరికింది.
రెండు రూపాయలు కుట్టి ఉన్నయి దాంట్ల.
ఒకదాని మీద చార్మినారు,
ఒకదాని మీద గడ్డం రాజు.
ఒకటి హాలీ, ఒకటి కల్దారు.
రెండు సర్కార్ల పైసలు ఒక్క నడుముకు కట్టుకొని
నాయనమ్మ ఓదెవ్వ, పదమూడేండ్ల పెండ్లిపిల్ల,
నావ దిగిందట.
కరోడ్గిరి నాకా కాడ జవాను మూట విప్పుమంటే
ఏడ్చిందట.
మూటల ఏమున్నదో ఎవ్వరూ చెప్పలే.
ఏడుపు మాత్రం మా దాక వచ్చింది.

ఏ ఊరిదానివే అంటే
"అద్దరి" అనేది, అంతే,
గడ్డం ఎత్తి గోదారి దిక్కు చూపెట్టి.

హన్మకొండ దఫ్తర్ల పాత బస్తాలు విప్పిచ్చిన.
మునీరుద్దీన్ సాబ్‌ను బతిమాలి తోలుకపోయిన.
ఆ రాత చదివేటోళ్లు ముగ్గురో నలుగురో మిగిలిండ్రు.
ఆయన వేలు కుడి నుంచి ఎడమకు నడుస్తది,
నా కండ్లు ఎడమ నుంచి కుడికి.
"గట్టయ్య... గిటియా... గుటియా గూడ కావచ్చు బాబూ,
జేర్ జబర్ పెట్టలేదు రాసినోడు."
మా తాత మూడు పేర్లతోటి
ఒక్క గీత మీద పండుకున్నడు.

తాతది ఇద్దరి, మహదేవపురం పక్కపొంటి.
ఊరు కూసున్న కాడికెల్లి లేవలే.
అయినా ఎలగందులల పుట్టి, కరీంనగర్ల పెరిగి
ఇప్పుడు భూపాలపల్లిల ముసలిదైంది.
అద్దరిని చాందా అన్నరు, చంద్రపూర్ అన్నరు,
గడ్చిరోలి అన్నరు.
నాగపూర్ మాట విన్నది, బొంబాయి మాట విన్నది.
ఓదెవ్వకు ఇవేం తెల్వదు.
ఆమె ఎరిగిన సరిహద్దు
ఎండకాలం మోకాలి లోతు,
వానకాలం నిలువు లోతు.

మేనత్త మంచంల పండుకొనే తవ్వి తీసింది:
"తుమ్మల... దొడ్డో, గుట్టో."

మాఘంల కాళేశ్వరం కాడ బస్సు దిగి
వంతెన నడిచే దాటిన.
కింద ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ.
సగం కాడ జేబుల ఫోన్ మోగి
మహారాష్ట్రకు స్వాగతం అన్నది.
సిరొంచ హోటలోడు తెలుగుల చాయ పోసి
మరాఠీల చిల్లర లెక్కవెట్టిండు.
తుమ్మలదొడ్డి అంటే తల అడ్డం ఊపిండు.
"తుమడ్‌దోడీ అని బోర్డొకటున్నది,
అదేనేమో చూడు."

పెంకుటింటి ముందట చేటల పెసర్లు చెరుగుకుంట
ఒక ముసలామె, బాలక్క అట పేరు,
నా చెప్పులు చూసింది, మొఖం చూసింది,
కొంగుకు చెయ్యి తుడుచుకున్నది.
"ఎవలు బిడ్డా? అద్దరికెల్లి వచ్చినవా?"

నోట్లె మాట రాలే.
అద్దరి దేవులాడుకుంట వచ్చి
అద్దరోణ్ణయి నిలవడ్డ.

నడికట్టు చేతిల పెట్టిన.
ఆమె పైసలు చూడలే, కుట్టు చూసింది.
"ఇసొంటి కుట్టు మస్తుమంది కుట్టేటోళ్లు" అన్నది.
"ఓదెవ్వనా? ఇంటికొక్క ఓదెవ్వ ఉండె ఈడ."
పెసర్లు రెండు దోసిళ్లు నా తువ్వాల్ల పోసింది.
తిరిగొచ్చేటప్పుడు ఆ మూట
ఎవ్వరూ విప్పుమనలే.

సోమవారం కాంటా కాడ
సిరొంచ దిక్కు మిర్చి దిగింది.
వెంట వచ్చిన పిలగాడు ఊరి పేరు చెప్పిండు,
అప్పుడే హారన్.
"మళ్లొక్కసారి చెప్పు బిడ్డా."
చెప్పిండు.
"ఇంకొక్కసారి."
లైన్ల ఉన్నోళ్లు
తిట్టుడు మొదలువెట్టిండ్రు.