రెండు గ్రాములు

పాత సూది అరిగిపోయిందని
నాకంటే ముందు మోహనాంబకు తెలిసింది.
"స అన్న చోటల్లా బుస్సుమంటోంది,
పాముల పుట్టలో కాపురమున్నట్టుంది" అంది.

షావుకారుపేట నుంచి రిచీ స్ట్రీట్‌కి
ఆటోవాడు చెప్పిన ధర విని నడిచే వెళ్ళాను.
ఏళుమలై కొట్టులో, అద్దం కింద,
పదకొండు వేల కార్ట్రిజ్ ఒకటి
మఖ్మల్ మీద కూర్చుని ఉంది.
చూడనట్టు చూశాను.
నలభై ఏళ్ళుగా ఊరివాళ్ళ బంగారాన్ని అలాగే చూస్తున్నాను.

"ఆచారీ, నీ రేటులో గుండుమొన ఉంది.
మొరటుది, మంచిది, తప్పులు క్షమిస్తుంది.
కోలమొనైతే గాడి లోతుకి దిగుతుంది గానీ
వెంట్రుకవాసి వంకర పెట్టావో, ఏడిపిస్తుంది."
ముక్కుపుడకల్లో రవ్వలు పొదిగిన చేతులివి,
వీటికి క్షమాపణ ఎందుకని
కోలమొన తీసుకున్నాను.
మూడొందలు ఎక్కువ. నూట యాభై తగ్గించాడు.
మిగతాది నా పొగరు ఖరీదు.

భూతద్దం కింద
ఆవగింజలో పదోవంతు లేదు వజ్రం.
ఎన్ని వెళ్ళాయి ఈ వేళ్ళ మీదుగా!
మా ఇంట్లో ఉండిపోయింది ఇదొక్కటే.

వెనక నాలుగు కాళ్ళు, నాలుగు తీగలు:
ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నీలం.
పెట్టె మీది బొమ్మ చూస్తూ
శ్రావణంతో ఒక్కోటి తొడిగాను, ఊపిరి బిగబట్టి.

సూది ఏ కోణంలో నిలవాలో చూపే కాగితాన్ని
జెరాక్స్ కుర్రాడు పేజీకి సరిపడా కుదించాడు.
స్కేలు పెడితే పది సెంటీమీటర్లు
తొమ్మిదీ ముప్పావుకి దిగాయి.
మళ్ళీ మెట్లు దిగాను, మళ్ళీ రెండు రూపాయలు.

ఇక బరువు.
కరెంటు కాటా మీద దించితే
అంకెలు పూనకం వచ్చినట్టు ఊగాయి.
స్టీలు పళ్ళేన్ని కార్ట్రిజ్‌లోని అయస్కాంతం లాగుతోంది.
అటక మీంచి పాత త్రాసు దింపాను.
ఇత్తడి తట్టలు,
అయస్కాంతం మాట చెవిన పెట్టని జాతి.
గురిగింజలు సగం పిల్లలెవరో ఎత్తుకుపోయారు.
డబ్బా అడుగున దొరికాయి
చెల్లని రెండు పైసల బిళ్ళలు రెండు.
ఒక్కోటి గ్రాము.
బజారు వద్దన్నా బరువు మానుకోలేదు.
ఒక తట్టలో అవి, ఒక తట్టలో సూది.
చేతి వెనక గుండుని కొంచెం, ఇంకొంచెం, అబ్బే, వెనక్కి.
ముల్లు వణికి వణికి నిలబడింది.

మూర్ మార్కెట్‌లో ఎనభైకి కొన్న కచేరీ రికార్డు పెట్టాను.
స మెత్తబడింది.
ఎవరో దగ్గారు మూడో వరసలో,
ఇన్నేళ్ళూ వినపడని దగ్గు.
పొంగిపోయి చూశాను మోహనాంబ వైపు.
తోముతున్న గిన్నె ఆగింది.
"మృదంగం కుడివైపు వస్తోంది."

గుండె జారింది.
సభలో ఎదురుగా కూర్చున్నవాడికి అది ఎడమ.
పెట్టె మీది బొమ్మ వెనక నుంచి గీసింది,
నేను ముందు నుంచి చదివాను.
రవ్వలు పొదిగిన చేతులు!
స్క్రూడ్రైవర్ అందుకోబోతే
తడి చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

పెళ్ళికి ముందు మైలాపూర్ సభ క్యాంటీన్‌లో
కాఫీలు మోసింది ఆరు డిసెంబర్లు.
తెర వెనక, ట్రే పట్టుకుని,
ముక్తాయింపు అయ్యేదాకా నిలబడేదట.
పాడేవాళ్ళ ముఖాలు తెలీవు.
జుబ్బా వీపున చెమట
మొదట ఎక్కడ మొలుస్తుందో తెలుసు.
ముందు కుర్చీలో ఒక్కనాడూ కూర్చోలేదు.

"ఉండనీ" అంది, "నాకు కుడివైపే."

రెండో వైపు తిప్పడానికి తనే లేచింది,
చీరకు చేతులు తుడుచుకుంటూ.
నేను కాఫీ కలపడానికి వెళ్ళాను.
పాలు విరిగాయి.
ఉత్త డికాక్షనే
రెండు గ్లాసుల్లో సరిసమానంగా పోశాను.