ఇరవై నాలుక్కి పందొమ్మిది

డాక్టరిచ్చిన కాగితంలో ఎనిమిదే ప్రశ్నలు.
చదువుతూంటే కునుకొస్తుందా? టీవీ ముందు?
అన్నం తిని ఊరికే కూచుంటే?
సిగ్నలు దగ్గర ఆగిన బండిలో?
ఒక్కోదానికి మూడు మార్కులు.
ముప్పై మూడేళ్ళు మలక్‌పేట బడిలో లెక్కలు చెప్పినదాన్ని,
నా నిద్రను నేనే దిద్దుకున్నాను.
ఇరవై నాలుక్కి పందొమ్మిది.
అయిదో ప్రశ్న దగ్గర పెన్ను జారిందని
నర్సు చెప్పేదాకా తెలీదు.

పొద్దున పదింటి మాత్ర వేసుకున్నాక
చెయ్యి కాస్త నా మాట వింటుంది.
అప్పుడు కళ్ళు వినవు.
ఉప్మాలో చెంచా నిలబడి ఉంటుంది,
నేనుండను.
మా ఆడపడుచు ఫోనులో
కోడలి సంగతి మొదలుపెట్టి ముగించేలోపు
ఒక ఊరు తిరిగొస్తాను.
"వింటున్నావా వకుళా?"
వింటున్నాననే అంటాను.
వెనక బెంచీ వాళ్ళంతా అదే అనేవాళ్ళు.

రాత్రి రెండింటికి మాత్రం
నేనూ, ఫ్యానూ, కాచిగూడ వైపు పోయే గూడ్సు బండీ.
ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిరగడం
పెద్ద భాగహారం.
ఎంత చేసినా శేషం మిగులుతుంది.

నిమ్స్‌కి జహంగీరు ఆటోలోనే వెళ్తాను.
తొమ్మిది బి. కిటికీ పక్క గోడకి ఆనుకుని పడుకునేవాడు.
సుద్దముక్క విసిరేదాన్ని.
నా గురి తప్పేది కాదు.
తెల్లారగట్ట నాలుగింటికి చాదర్‌ఘాట్‌లో
పాలప్యాకెట్లు వేసి వస్తాడని
ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.
ఒకసారి నిలబెడితే అన్నాడు:
"నేను పండుకోలే మేడం, నిద్దరే నన్ను గుంజుకపోయింది."
క్లాసంతా నవ్వింది. నేనూ.

నిన్న వచ్చేటప్పుడు పంజగుట్టలో
ఎర్రదీపం చూసినట్టే గుర్తు.
కళ్ళు తెరిస్తే ఆటో ఏదో వేపచెట్టు నీడలో,
ఇంజను ఆపేసి, మీటరు ఆపేసి.
ఎండ పడకుండా నా వైపు వాడి ఖాకీ చొక్కా కట్టి ఉంది.
వాడు బనీనుతో ఫుట్‌పాత్ మీద
సాసర్లో చాయ్ ఊదుకుంటున్నాడు.
"ఎంతసేపయిందిరా?"
"గంటన్నర. జర గట్టిగనే పండుకున్నరు.
మీ చెయ్యి గూడ పండుకున్నది మేడం."

చూసుకున్నాను.
ఒళ్ళో అది ఇంకా కదలకుండానే ఉంది.
కాసేపటికి బొటనవేలు మెల్లగా
లేని సుద్దముక్కని నలపడం మొదలుపెట్టింది.

ఇంటి దగ్గర దిగేటప్పుడు
వాడితో చెప్పాల్సిన మాట ఒకటుంది.
చాదర్‌ఘాట్ వంతెన దాకా
గుర్తుపెట్టుకునే ఉన్నాను.