నారి మీద అరచెయ్యి

మా పరుపుల అంగడికి
ఏ టూల్ తీసుకోవాల అనేది
నెల రోజులుగా తెగలేదు.

చెల్లెలి కొడుకు మస్తానయ్య
దూదిబేలు మీద ల్యాప్‌టాప్ పెట్టి
మూడు కిటికీలు తెరిచినాడు.
"ఒకసారి రాసి పెడితే చాలు పెద్దమ్మా,
ఫేస్‌బుక్కు, ఇన్‌స్టా, వాట్సాప్, అన్నిట్లోకీ అదే పోతుంది.
నువ్వు నిద్రపోతున్నా పోతుంది."
నిద్ర అమ్ముకునేదాన్ని కదా,
ఆ మాట నచ్చింది.

మొదటిది ఉచితం.
నెలకు పది పోస్టులు, పదకొండోదానికి తాళం.
రెండోది పద్నాలుగు దినాలు ఊరికే వాడుకోమంటుంది,
పదిహేనో దినం డాలర్లలో అడుగుతుంది.
ఆదోని యార్డులో కింటా పత్తి
పొద్దున ఒక ధర, మాపుకొక ధర.
దాంట్లోంచి డాలరును ఎట్ల తీసేది?
మూడోదానికి రంగుల్లేవు,
తెలుగు రాస్తే ఒత్తులు ఊడి పక్కన పడతాయి,
దిండ్లు కాస్తా "దిండ్ లు" అని కూర్చుంటాయి.

రెండోదాన్నే పట్టుకున్నాం.
తెలివైంది. గీతలు గీసి చూపిస్తుంది.
మంగళవారం పొద్దున తొమ్మిదికి
నీ గిరాకీ ఫోను చూస్తుంటుందని చెప్పింది.
నా గిరాకీ తొమ్మిదికి
చేలో ఒడి నిండా పత్తి ఏరుతుంటుంది,
ఫోను గట్టున, సద్దిగిన్నె పక్కన.
అయినా సరే అన్నా.
లెక్క నాకన్నా దానికే తెలుసు కదా.
దిండు మీద దిండు పేర్చినట్టు
వారానికి సరిపడా మాటలు పేర్చినాం.

ఆ మంగళవారం మబ్బుల్నే
ఎదురింటి ఉరుకుందప్ప పోయినాడు.
హమాలీ. నలభై ఏండ్లు బోరాలు మోసిన వీపు.
పోయినేడే నా దగ్గర పరుపు కుట్టించుకున్నాడు,
రెండు కంతులు ఇంకా బాకీ.
ఆ పరుపు మీంచే కిందికి దించినారు.
నేను నీళ్ల బిందెతో వాళ్ల వాకిట్లో ఉన్నా.
తొమ్మిదయ్యింది.
ఆడోళ్ల నడుముల్లో, మొగోళ్ల జేబుల్లో
ఫోన్లన్నీ ఒకేసారి ఉలిక్కిపడినాయి.
వీధి గ్రూపులో నా అంగడి పేరు,
పూల మీద ఎగిరే అక్షరాలు:
"ఇక హాయిగా నిద్రపోండి!
ఈ వారమే, ఇరవై శాతం తగ్గింపు!"

ఎవరూ ఏమీ అనలేదు.
ఆయన పెండ్లాం నాగలచ్చిమి
ఫోను చూసి, నన్ను చూసి,
మళ్లీ ఫోను చూసింది.

మా నాయిన పకీరప్ప
భుజాన విల్లేసుకొని
వీధి మొదట్లో నారిని ఒక్కసారి మీటేవాడు.
ఆ టంయ్‌మనే చప్పుడుకే
పాత బొంతలు, గట్టిపడిన పరుపులు, పిల్లోళ్లు
బయటికొచ్చేవాళ్లు.
చావు జరిగిన ఇంటి ముందర మాత్రం
నారి మీద అరచెయ్యి ఆనించి నడిచేవాడు,
గాలికి కూడా మోగకుండా.
వెనకాల తుమ్ముకుంటా నడిచేదాన్ని నేను.
ఎందుకు నాయినా అని అడగలేదు.

ఆ రాత్రి మళ్లీ మూడు కిటికీలు.
ఈసారి ధర అడగలేదు.
"దీంట్లో ఆపేది ఎట్ల?"
రెండోదాంట్లో ఒక్కో పోస్టులోకి పోయి చెరపాల,
నిజంగా ఆపాలా అని రెండుసార్లు అడుగుతుంది.
మొదటిదాంట్లో ఆపడానికే దుడ్లు.
మూడోదాంట్లో పైన, కుడిపక్క,
బూడిదరంగు మీట ఒకటి.
నొక్కితే అన్నీ ఊరుకుంటాయి,
మళ్లీ నొక్కేదాకా.

మస్తానయ్య మొగం చిన్నబోయింది.
"గీతలు లేవు పెద్దమ్మా, ఒత్తులు కూడా పడవు."
"ఒత్తుల్లేని మాటలే వెతుకుదాంలే.
దిండ్లొద్దు, తలగడ అని రాయి.
నిద్రొద్దు, కునుకు అని రాయి.
దూది, పరుపు, బొంత...
మన సరుకులో ఒత్తులు తక్కువేరా."

దినాలు అయిపోయినాక
నాగలచ్చిమి అంగడికొచ్చింది,
నెత్తిన ఆ పరుపు మోసుకొని.
పారేయడానికి మనసొప్పలేదంట,
విప్పి, ఏకి, పిల్లోళ్లకు రెండు చిన్నవి కుట్టమంది.
బాకీ మాట ఆమె ఎత్తలేదు,
నేనూ ఎత్తలేదు.

మిషన్లో దూది లేస్తుంది.
"ఇప్పుడన్నా మీట తీద్దామా పెద్దమ్మా?"
"ఉండు రోంత,
ఆమెను వీధి మలుపు తిరగనీ."