మూడు

న్యూ బెడ్‌ఫర్డ్, చేపల ఫ్యాక్టరీ గేటు పక్కన ఫోను.
జుల్మీరా వేళ్లన్నిటికీ కత్తిగాట్ల కట్లు,
మీటలు నొక్కలేదు.
అందుకే గొంతు వినే కార్డు కొనుక్కుంది, అయిదు డాలర్లు పోసి.

"నంబరు చెప్పండి" అంటుంది లోపలి ఆడగొంతు,
ఏనాడూ జలుబు చేయని గొంతు.
ఒక్కో అంకే ముల్లు తీసినట్టు తీసి చెబుతుంది.
మూడు దగ్గర పీటముడి.
ఆమె నాలుక మీద త్రీ కాస్తా ట్రీ అవుతుంది.
చెట్టుకి ఫోను కలపడం దానికి చేతకాదు.
"క్షమించండి, అర్థం కాలేదు."

వెనక వరసలో, మంచులో, కాళ్లు మార్చుకుంటూ మేము.
ఆ క్షమాపణ మాకు కంఠతా వచ్చేసింది,
ఆమె నంబరూ.

ఓ రాత్రి విసుగెత్తి ముందుకి వంగి
ఆ ఒక్క అంకే నేనన్నాను,
ఈ ఊళ్లోనే పుట్టిన నోటితో.
ఎక్కడో ఫోగో దీవిలో గంట మోగింది.

ఆ శీతాకాలమంతా నా ఉద్యోగం అదే.
మూడు రాగానే రిసీవరు నావైపు తిప్పేది,
చూడకుండానే.

మార్చిలో ఆమె షిఫ్టు మారింది.
నిన్న ఫోను దగ్గర ఎవరూ లేరు.
ఆమె నంబరే చెప్పాను, మొదట్నుంచీ.
మూడు దగ్గర ఆగి
కావాలనే
చెట్టన్నాను.