సుద్దగీత

చీమకుర్తి క్వారీలో ముప్పై ఒక్కేళ్లు
రాతిమీద సుద్దగీత గీసినవాణ్ణి.
గీత వెంట జానెడుకో బెజ్జం.
కావలసిన దిమ్మె ఒక్కటే ఊడి రావాలి,
పక్క దిమ్మెకు నెర్రె పడిందా
ఆ వారం కూలి కోత.

అందుకే నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ
తెరమీద నా లోపలి బొమ్మ చూపించి
"ఇది గ్రంథి. దీని వెనకే ఆనుకుని పేగు.
మధ్యలో ఉన్నది కాగితమంత గోడ.
బొమ్మ చూసుకుంటూ సూదులు దించుతాం,
సూదుల్లోంచి కిరణం వెళ్తుంది" అన్నప్పుడు
భయపళ్లేదు.
ఎన్ని బెజ్జాలమ్మా అన్నాను.
పధ్నాలుగు, అంది.
వరస తప్పకుండా వేయండి, అన్నాను
మేస్త్రీ మేస్త్రీతో చెప్పినట్టు.

నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది:
"కాస్త వేడి పేగుకీ తగుల్తుంది మాలకొండయ్యా,
కొన్నాళ్లు దొడ్డికి ఇబ్బంది."
ఎన్నాళ్లని అడగలేదు.
బెజ్జాలు లెక్కపెట్టినవాణ్ణి
ఆ మాటను మాత్రం కొలవకుండా వదిలేశాను.

మూడో వారం మొదలైంది.
క్వారీలో పేలుడుకైనా ముందు మూడు ఈలలు వేస్తారు,
ఎర్రగుడ్డ ఊపుతారు, జనం పక్కకు పోతారు.
నా పేగు ఒక్క ఈల కూడా వెయ్యదు.

ఒంగోలు బస్సులో సంతనూతలపాడు ఇంకా రాకముందే
ఆపు నాయనా, ఆపు అని అరిచాను.
చిల్లచెట్ల వెనక కూర్చుని లేచి వచ్చేసరికి
బస్సు ఆగే ఉంది.
లోపల అందరూ అవతలి కిటికీలోంచి
ఏమీ లేని చేలను చూస్తున్నారు.
ఒకరైనా తిట్టుంటే బాగుండేది.

మళ్లీ కూర్చుంటే ఏమీ రాదు.
ఊరికే ముక్కుడు, మంట,
వేలెడు జిగురు, ఒక ఎర్రచార.
నల్లరాతిలో బంగారు చుక్కలు వెతికి
రేటు చెప్పిన కళ్లివి,
తెల్ల బేసిన్లో ఎర్రచుక్కలు లెక్కపెడుతున్నాయి.

గోంగూర పోయింది. ఊరగాయ పోయింది.
జావ, పెరుగన్నం, అరటిపండు.
రాత్రి నాలుగోసారి లేచినప్పుడు
లుంగీ తడిసి గడపలోనే నిలబడిపోయాను.
చెంచమ్మ లైటు వెయ్యలేదు.
ట్రంకుపెట్టె తీసిన చప్పుడు.
పాత చీర చింపి, నాలుగు మడతలు పెట్టి,
చీకట్లోనే చేతిలో పెట్టింది.
"ఎట్టా పెట్టుకోవాలో చెప్పనా?" అంది.
దానికి ఎప్పట్నుంచో తెలిసిన పని.
ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి
ఆమె ఆ గుడ్డలు ఎక్కడ ఉతికిందో
ఏ చీర చాటున ఆరేసిందో
నేను ఒక్కనాడూ చూళ్లేదు.

తెల్లారి నావి నేనే ఉతికాను.
పందిరి కింద నీడలో వేలాడదీస్తుంటే
"ఎండలో వెయ్యి,
మొగోడివి, నిన్నెవురేమంటారు?" అంది.
ఎగతాళో, జాలో, పాత కోపమో.
ఎండలోనే వేశాను.

ఆరో నెల రక్తంలో అంకె దిగింది.
పుండు మాడింది అంది డాక్టరమ్మ.
పక్క దిమ్మెకు నెర్రె పడిందమ్మా, అన్నాను.
కాసేపు కాగితాలు తిప్పి
"పడుతుంది ఒక్కోసారి" అంది.
లోపలికి ఎక్కించుకునే మందు రాసింది,
ఆర్నెల్లో ఏడాదో పడుతుందంది,
ఈసారి నేను అడిగినందుకు.

కోపం రావలసింది. రాలేదు.
నెర్రెల్లో నల్లజిగట నింపి, నున్నగా రుద్ది
కృష్ణపట్నం ఓడకెక్కించిన దిమ్మెలు
నా లెక్కలోనూ ఉన్నాయి.
ఏ దేశంలో ఎవరింటి గచ్చయ్యాయో,
ఎవరు వాటిమీద చెప్పుల్లేకుండా నడుస్తున్నారో.

ఇప్పుడు పొద్దున్నే
ఖాజావలీ టీకొట్టు దాకా పోతాను.
బల్ల చివరి చోటు నాకు వదిలేస్తారు,
ఎందుకని ఎవరూ అనరు.
అక్కణ్ణుంచి వెనక మరుగుదొడ్డికి
పదకొండు అడుగులు.
మొదటిరోజే కొలిచి
గోడమీద సుద్దతో చిన్న గీత పెట్టుకున్నాను.