ఎవరిదా చేయి?

అర్ధరాత్రి దాటాక మాంచెస్టర్‌లో వాన
కిటికీల మీద కాదు, మా బల్లల మీదే కురుస్తున్నట్టుండేది.
క్లైవ్ ఆర్మరాడ్ తడి కోటుతోనే వచ్చి
ఇంకా ఆరని ఫోటో నా ముందు పడేశాడు:
మందుల షాపు మెట్లు, వంగిపోయిన గొడుగు,
టీవీ సీరియల్ నటి వెరిటీ బామ్‌ఫర్త్ ముఖం,
ఆమె భుజమ్మీద ఒక చేయి.

ఆ చేతికి ఒక మనిషి ఉంది.
తెల్ల కోటు, చెవి వెనక పెన్సిలు,
షాపులో మందులందించే ఎడ్నా సగ్డెన్.
మెట్టు జారుడుగా ఉంది, చూసుకో తల్లీ
అంటున్న నోరు సగం తెరుచుకునే ఉంది ఫోటోలో.

మూడు కాలమ్‌ల వెడల్పులో ఎడ్నా పట్టదు.
మణికట్టు దగ్గర కత్తెర వేశాను.
ఎడ్నా పోయింది. వేళ్ళు మిగిలాయి.
శీర్షిక తనంతట తనే పుట్టింది:
ఎవరిదా చేయి?

ఈ ఉద్యోగంలో నాకు నేర్పిన తొలి పాఠం క్రియాపదం.
ఆమె నడవకూడదు, తూలాలి.
చెప్పకూడదు, వాపోవాలి,
లేదంటే విరుచుకుపడాలి.
నవ్విందా, ధైర్యంగా నవ్వింది.
ఆ 'ధైర్యంగా' ఒక్కటి చాలు,
లేని ఏడుపును నవ్వు వెనక నిలబెట్టడానికి.
రెండో పేరాకల్లా ఇంటిపేరు రాలిపోవాలి,
వయసు మాత్రం, ముప్పై ఏడు,
మంచు మీద పరిచిన చేపకు గుచ్చిన ధర చీటీలా
ప్రతిసారీ కనబడాలి.

'సన్నిహితుల భోగట్టా' అని రాస్తాం కదా,
ఆ సన్నిహితులం మేమే:
నేనూ, గెథిన్, చల్లారిన టీ.
నిప్పు లేనిదే పొగ రాదంటుంది లోకం.
మా అంతస్తులో నిప్పు ఎవరి కంటా పడలేదు.
పొగ మాత్రం రోజూ రెండు గంటలకల్లా
కట్టలు కట్టుకుని లారీ ఎక్కేది.

ఆదివారం ఓల్డామ్ నుంచి అమ్మ ఫోను.
"చూశావా? వేలికి ఉంగరం కూడా ఉంది.
పెళ్ళయినవాడే. నేను ముందే అనుకున్నా."
అచ్చులో చుక్కలు చుక్కలుగా పలచబడి
ఆడదో మగదో తేలని చేయి అది.
నేనే కత్తిరించానని చెప్పలేదు.
"ఏమోనమ్మా, అలా అనుకుంటున్నారు" అన్నాను.
అనుకుంటున్నారు.
ఇంట్లోనూ అదే వ్యాకరణం.

తొమ్మిది రోజులు నడిపించాం ఆ చేతిని.
అరచేయి కనపడకపోయినా
ఒక హస్తసాముద్రికుడు జాతకం చెప్పేశాడు, నలభై పౌన్లకి.
వెరిటీ ఇంటి గేటు ముందు క్లైవ్ నిచ్చెన వేసుకుని కూర్చున్నాడు.
ఆమె తెర వేసింది.
'చీకట్లో వెరిటీ' అని రాశాను.

పదోనాడు ఉత్తరం వచ్చింది,
గీతల కాగితం, నీలం సిరా:
"అయ్యా, ఆ చేయి నాది.
మా ఆయన పోయాక వేళ్ళు చిక్కి
ఉంగరం వదులైతే కింద దారం చుట్టుకున్నాను,
భూతద్దం పెట్టి చూసుకోండి.
ఆ అమ్మాయి ఏం మందు కొన్నదో మాత్రం అడగకండి.
అది చెప్పడం నా పని కాదు."

గెథిన్ గట్టిగా చదివి నవ్వాడు.
నేనూ నవ్వాను. ధైర్యంగా అనొచ్చేమో.
పదిహేడో పేజీలో, కుక్కల పందేల ఫలితాల కింద
రెండు లైన్ల సవరణ వేశాం.
దానికి ఫోటో లేదు.

ఆ రాత్రి భూతద్దం తీశాను.
దారం ఉంది.

కత్తెర వేసిన ముక్క ఎందుకో పారేయలేదు నేను.
ఉద్యోగం వదిలి పదకొండేళ్ళు,
గ్యాసు బిల్లుల డ్రాయరులో ఉంటుంది.
అంచు దగ్గర చేయి ఆగిపోయిన మనిషి,
చెవి వెనక పెన్సిలు,
పక్కన ఎవరూ లేని ఖాళీలోకి తిరిగి
మెట్టు జారుడుగా ఉందని
ఇంకా అంటూనే ఉంది.