పంటి నొప్పి

ఫర్వానియా ఆసుపత్రి బెంచీ మంచుగడ్డ.
బయట యాభై డిగ్రీలు,
లోపల ఏసీకి పళ్లు టకటక.
నాకో చీటీ, మాబున్నికో చీటీ.
మేడములకు పంటి నొప్పని చెప్పి వచ్చినాం.
ఇద్దరికీ కలిపి ఒకే పన్ను.

మొదటి సూది సంగతి చెప్పాల ముందు.
కడపలో, ఏజెంటు ఇంటి వెనక గది.
గడప బయట చెప్పులు, పదకొండు జతలు.
"విమానం గాలికి జ్వరమొస్తాది, ఏసుకోండి"
అన్నాది తెల్లకోటు లేని నర్సమ్మ.
చీమ కుట్టినంత సేపు.
దేనికని ఎవురం అడగలే.
ఆమె మా పేర్లు అడగలే,
పాస్‌పోర్టు నంబర్లు మాత్రం రాసుకున్నాది.

ఇక్కడికొచ్చినాక ముట్టు రాలే.
ఒక నెల. రెండు.
మగోడి నీడ సోకకుండా కడుపొస్తాదా అని
మిద్దె మీద, నీళ్ల ట్యాంకు చాటున
వేళ్లు మడిచి, విప్పి, మళ్లా మడిచినా.
ఫోన్‌లో అమ్మకు చెప్పబోతే
"మెల్లగా, మీ నాయనుండాడు" అన్నాది.
తెరలో నాయన లేడు.
మేక ఒకటే ఉన్నాది.

మాబున్ని కథ వేరు.
మొగుడు జహ్రాలో లారీ తోల్తాడు.
రెండు వారాలకొక శుక్రవారం,
ఎవురిదో గది, మూడు గంటలు.
బిడ్డ ఇప్పుడే వద్దు, అప్పు తీరాల.
మాత్రలకని మందులంగడికి పోయి
కౌంటర్లో మీసం చూసి
దగ్గు మందు కొనుక్కొచ్చింది, మూడుసార్లు.
మా గదిలో ఎవురికీ దగ్గు లేదు.

వీసాకు ముందు నన్ను బాగానే చూసినారు.
ఎదురొమ్ము ఫోటో, రక్తం, ఉచ్చ డబ్బీ.
కాగితం మీద ముద్ర.
నా ఒళ్లు అందరూ చదివినారు,
మూత అంటించిన కవరు నాకిచ్చినారు మోసుకపొమ్మని.

పోయిన నెల మేడమ్ కూతురు దానాకు
టీకా వేయించబోతే సంచి పట్టుకుని పోయినా.
ఆ పిల్ల ముందర డాక్టరమ్మ కుర్చీ లాక్కుని
అరగంట చెప్పింది.
ఇదెందుకు, ఎన్నిసార్లు, నొప్పెంత.
దానా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాది.
నాకు చెప్పకనే నేనూ విన్నా.
సూదికి ముందు మాటలుంటాయని
ఆ పొద్దు తెలిసింది.

అందుకే ఈ బెంచీ.

లిజీ సిస్టర్‌ది కేరళ. తెలుగు సగం, చేతులు సగం.
మందుల చీటీ వెనక బొమ్మ గీసింది,
తలకిందుల వంకాయ మాదిరి.
"ఇది నీ గర్భసంచి. ఇది దాని మూతి.
కడపలో ఏసింది జ్వరానికి కాదు మోళే,
పిల్లలు పుట్టకుండా.
చెడిపోలేదు. ముట్టు వస్తాది. కొంచెం టైం."

ఏడుస్తాననుకున్నా.
నాకు చెప్పులు గుర్తొచ్చినాయి.
అందులో ఒక జత కొత్త పెళ్లికూతురిది,
వారు మీద పసుపింకా పోలే.
ఆమె ఏ ఇంట్లో ఉన్నాదో,
ఏ దేవునికి మొక్కుకుంటా ఉన్నాదో.

మాబున్ని లోపలికి పోయి
నవ్వుకుంటా బయటికొచ్చింది.
కొంగు ముడిలో మాత్రలు,
రోజుకొకటని నేర్పించినారంట.
నేను కమ్మలకని దాచిన దినార్లు తీసినా.
గర్భసంచి మూతికి పుండు రాకుండా
మూడు డోసులు.
మూడోది ఫిబ్రవరిలో.
నా వీసా జనవరి దాకే.
"ఊర్లో ఏయించుకో, ఈ కార్డు చూపించు" అన్నాది.

సూది పైకెత్తింది.
"ఆగు సిస్టర్" అన్నా.
సీసా మీద పేరు చూపించమన్నా.
కూడబలుక్కుని, అక్షరం అక్షరం,
వెనక వరస గొణిగినా,
చదివినా.
అప్పుడు చెయ్యి చాపినా.

సాయంత్రం మేడమ్ అడిగింది, పన్ను ఏమాయెనని.
పీకించేసినా అన్నా.
అంట్లు తోముకుంటా
నాలిక కొసతో లెక్కబెట్టుకున్నా.
అన్నీ ఉండాయి.